నాటింగ్‌హామ్‌లో విద్యార్థుల ఇల్లు కొన్నాం: పద్దెనిమిది నెలల నా అనుభవం

ఈ పని మీద మేం మొదటి ఫోన్ చేసింది 2024 సెప్టెంబరు 9న. మొదటి అద్దె, అదీ ఒక్క గదిది, చేతికి వచ్చింది 2025 సెప్టెంబరు 1న. మధ్యలో దాదాపు ఏడాది గడిచింది. మేం మొదట్లో వేసుకున్న లెక్కలో ఆ ఏడాది లేనే లేదు. వారానికి మనిషికి ఇంత, నలుగురికి ఇంత, ఏడాదికి ఇంత అని కాగితం మీద గుణించుకుని సంబరపడ్డాం. ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ళు చాలామంది ఇదే ఆలోచనలో ఉన్నారు. అడిగినవాళ్ళకి ఇన్నాళ్ళూ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పాను. మొదటి నుంచి వరసగా రాస్తే ఎవరికైనా పనికొస్తుందని ఇప్పుడు కూర్చున్నాను.

మేం డెర్బీలో ఉంటాం. నేను ఆసుపత్రి ఫార్మసీలో పని చేస్తాను, మా ఆయనది ఐటీ ఉద్యోగం, ఒక పాప. పదకొండేళ్ళు దాచిన డబ్బు బ్యాంకులో ఉంది. నాటింగ్‌హామే ఎందుకంటే, ఒకటి, కారులో ఏ52 రోడ్డు మీద అరగంట, నలభై నిమిషాల దూరం. రెండోది నా సొంత కారణం. 2011లో మాస్టర్స్‌కి వచ్చినప్పుడు ఆ ఊళ్ళో లెంటన్ అనే పేటలో ఒక పాత టెర్రస్ ఇంటి (పక్కిళ్ళతో గోడలు కలిసి వరసగా ఉండే ఇల్లు) అటకగదిలో ఏడాది ఉన్నాను. మంచం పక్క గోడంతా నల్లగా బూజు పట్టేది. ఇంటి యజమానికి చెబితే జనవరి చలిలో కిటికీ తీసి పెట్టుకోమన్నాడు. ఆ ఏడాదంతా దగ్గుతూనే ఉన్నాను. ఎప్పటికైనా ఆ ఊళ్ళో ఇల్లు కొంటే పిల్లలు ఆరోగ్యంగా ఉండేలా ఉంచాలని అప్పటి నుంచీ మనసులో ఉంది.

సెప్టెంబరులో అయిదు ఇళ్ళు చూశాం. రెండు చాలా చవగ్గా అనిపించాయి. రెండూ కుటుంబాలు ఉన్న ఇళ్ళు. చూపించిన ఏజెంటు, గదికి ఒకరు చొప్పున విద్యార్థులకు ఇచ్చుకోవచ్చని ధీమాగా చెప్పాడు. ఒకదానికి ఆఫర్ పెట్టబోయాం. మా ఆయన స్నేహితుడు ఒకాయన ముందు ఆర్టికల్ 4 అనే ప్లానింగ్ నిబంధన సంగతి చూసుకోమని హెచ్చరించాడు. నాటింగ్‌హామ్‌లో 2012 మార్చి 11 నుంచి, కుటుంబం ఉండే ఇంటిని సంబంధం లేని ముగ్గురు నలుగురు కలిసి ఉండే ఇల్లుగా, అంటే హెచ్‌ఎంఓగా మార్చాలంటే ప్లానింగ్ అనుమతి తీసుకోవాలి. విద్యార్థుల ఇళ్ళు అప్పటికే కిక్కిరిసిన వీధుల్లో అది రావడం చాలా కష్టం. ఏజెంటు చెప్పలేదు, ప్రకటనలో రాయలేదు. ఆ ఒక్క మాట వినకపోతే విద్యార్థులకు ఇవ్వడానికి వీల్లేని ఇల్లు కొని కూర్చునేవాళ్ళం. అందుకే ఆ తేదీకి ముందు నుంచీ విద్యార్థులే ఉంటున్న ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. అలాంటివాటికి ధర ఎక్కువ. ఎందుకు ఎక్కువో అప్పుడు అర్థమైంది.

అక్టోబరు 12, శనివారం, ఇప్పుడు మాదైన ఇల్లు చూశాం. లెంటన్‌లోనే, యూనివర్సిటీ పార్క్ క్యాంపస్‌కి నడిచి వెళ్ళేంత దూరం. కింద ఒక గది, హాలు, వంటిల్లు. పైన రెండు గదులు, బాత్రూమ్. ఆ పైన అటకగది. అమ్మేది డెబ్భై దాటిన పెద్దాయన. ఏళ్ళ తరబడి విద్యార్థులకే ఇస్తూ వచ్చారు, ఆరోగ్యం బాగోక ఆ ఏడాది ఎవరికీ ఇవ్వలేదు. జూలై నుంచి ఇల్లు ఖాళీ. 2,55,000 పౌండ్లు అడిగారు. 18న 2,40,000కి ఒప్పుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్టోబరు 30, బుధవారం. డ్యూటీలో ఉన్నాను. మధ్యాహ్నం మా ఆయన మెసేజ్ పెట్టారు: "బడ్జెట్ చూశావా?" రెండో ఇల్లు కొనేవాళ్ళు స్టాంప్ డ్యూటీ మీద అదనంగా కట్టే 3 శాతాన్ని 5 శాతం చేశారు. అదీ మర్నాటి నుంచే. 31వ తేదీకి ముందే అమ్మేవాళ్ళతో కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళకి పాత రేటు. మాకు బేరం కుదిరి పన్నెండు రోజులైంది, కొనుగోలు కాగితాలు చూసే లాయరు, అంటే సొలిసిటర్ దగ్గర ఫైలు అప్పుడే మొదలైంది. 7,200 పౌండ్లు అనుకున్నది ఒక్క పూటలో 12,000 అయింది.

పైగా ఇంకో గడువు కూడా ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి, మామూలు స్టాంప్ డ్యూటీ పడని ధర పరిమితి 2,50,000 నుంచి 1,25,000కి దిగిపోతుంది. మార్చి 31 దాటితే అదే ఇంటికి 14,300 కట్టాలి. ఆ రాత్రి వంటింట్లో కూర్చుని ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. "వదిలేద్దామా?" అన్నారు ఆయన. నాకు మనసొప్పలేదు. పెరిగిన పన్నులో సగమైనా ధర తగ్గించమని పెద్దాయన్ని అడిగించాం. కుదరదన్నారు. ఆయన తప్పేమీ లేదు. అయినా అయిదు నెలల టైముంది, మార్చిలోపు అయిపోతుందనుకున్నాం. అయింది కానీ, ప్రాణం మీదకు వచ్చింది.

అప్పు సంగతి. అద్దె ఇళ్ళు నడిపిన అనుభవం లేనివాళ్ళకు హెచ్‌ఎంఓ మీద ఇవ్వలేమని రెండు బ్యాంకులు వెనక్కి పంపాయి. మూడోది ఒప్పుకుంది. 25 శాతం మేం, అంటే 60,000. అప్పు 1,80,000. అయిదేళ్ళు స్థిరంగా ఉండే 5.4 శాతం రేటు, వడ్డీ మాత్రమే కట్టే పద్ధతి, నెలకు 810 పౌండ్లు. బ్యాంకు ఫీజు 2 శాతం, అంటే 3,600. మా జీతాల కంటే ఇంటికి వచ్చే అద్దె వడ్డీని మించి ఎంత ఉందన్నదే ఎక్కువగా చూశారు.

నవంబరు 25న బ్యాంకు తరఫు లాయరు ఒక్క ప్రశ్న పంపారు: 2012 మార్చి 11కి ముందు నుంచీ ఈ ఇంట్లో విద్యార్థులు ఉన్నారనడానికి రుజువు ఏది? ఆ ఒక్క ప్రశ్నకు ఎనిమిది వారాలు పట్టింది. పెద్దాయన పాత అద్దె ఒప్పందాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో దాచి ఉంచారు. 2009 నుంచి దాదాపు ప్రతి ఏడాదిదీ ఉంది, 2016ది లేదు. ఒక్క ఏడాది కాగితం లేక ఇల్లు పోతుందేమోనని క్రిస్మస్ సెలవులంతా టెన్షన్. చివరికి ఆ ఏడాది కౌన్సిల్ టాక్స్ (ఊరి కౌన్సిల్‌కి కట్టే ఇంటి పన్ను) మినహాయింపు ఉత్తరం దొరికింది. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే ఆ ఇంటికి కౌన్సిల్ టాక్స్ ఉండదు, కాబట్టి విద్యార్థులే ఉన్నారనడానికి ఆ ఉత్తరం మంచి సాక్ష్యం. దానికి తోడు పెద్దాయన ప్రమాణ పత్రం సంతకం చేసి ఇచ్చారు. 2025 జనవరి 20న బ్యాంకు సరేనంది, 24న లోన్ ఆఫర్ వచ్చింది. మీరు ఇలాంటి ఇల్లు చూస్తుంటే ఆఫర్ పెట్టే రోజే ఈ కాగితాలు ఉన్నాయా అని అడగండి. మేం అడిగి ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి.

ఈ లోపు ఇంటిని క్షుణ్ణంగా పరీక్షించే లెవెల్ 3 సర్వే చేయించాం, 850 పౌండ్లు. డెబ్భై పేజీల రిపోర్టు చదివి నేను బెంబేలెత్తిపోయాను. కింది గది వెనక గోడ తేమగా ఉందని ఎర్ర రంగులో రాశారు. ఒక కాంట్రాక్టరును పిలిస్తే గోడ తొలిచి మందు ఎక్కించడానికి 3,500 అడిగాడు. సర్వేయర్‌కి నేరుగా ఫోన్ చేసి, వీటిలో వెంటనే చేయాల్సింది ఏమిటో చెప్పమన్నాను. పది నిమిషాల్లో తేల్చారు: పాత ఫ్యూజ్ బాక్సు మార్చాలి, బయట పగిలిన గట్టర్ బాగు చేయించాలి, వాన నీళ్ళు ఆ గోడ మీదే పడుతున్నాయి. గట్టర్‌కి 280 పౌండ్లయింది. వేసవికి గోడ దానంతటదే ఆరిపోయింది. రిపోర్టు రాసిన మనిషితో మాట్లాడే హక్కు మనకుంటుంది. మొహమాటపడకుండా వాడుకోండి. ఇంకో కొత్త సంగతి, నాటింగ్‌హామ్ ఒకప్పటి బొగ్గు గనుల ప్రాంతం కాబట్టి ఇంటి కింద గనులున్నాయా అని వేరే సెర్చ్ చేయించాలి. మాకేమీ లేదని వచ్చింది.

ఫిబ్రవరిలో పని ఆగిపోయింది. కారణం మా ఆయన పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు ఖాతాలో పొడి అక్షరమే ఉంది, పాత పేస్లిప్పుల్లో పేరు ముందుది వెనకకు వెళ్ళింది. మనలో చాలామంది కాగితాలు ఇలాగే ఉంటాయి. ముగ్గురూ ఒకే మనిషి అని నిరూపించడానికి తొమ్మిది రోజులు పట్టింది. మార్చి 31 ముంచుకొస్తుంటే ఆ తొమ్మిది రోజులూ నాకు అన్నం సహించలేదు. ఇల్లు వెతకడానికి ముందే అన్నిచోట్లా పేరు ఒకేలా ఉండేట్టు చేయించుకోండి.

మార్చి 14న ఎక్స్ఛేంజ్, అంటే కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకోవడం. పది శాతం కట్టాక వెనక్కి తగ్గడానికి లేదు. ఆ రోజు నుంచే ఇంటి ఇన్సూరెన్స్ మన బాధ్యత అని సొలిసిటర్ ముందురోజు సాయంత్రం చెప్పారు. మామూలు పాలసీలు చాలావాటిలో ముప్పై రోజులు దాటి ఖాళీగా ఉన్న ఇంటికి పూర్తి రక్షణ ఉండదు. ఖాళీ ఇళ్ళ పాలసీ కోసం రాత్రి పదిన్నర దాకా వెతికాను.

మార్చి 28, శుక్రవారం, మధ్యాహ్నం రెండుంబావుకి తాళాలు ఇచ్చారు. గడువుకు మూడు రోజుల ముందు. మా ఆయనకు సెలవు దొరకలేదు, నేనొక్కదాన్నే వెళ్ళాను. తలుపు తీస్తే చల్లగా, మూసి ఉంచిన ఇంటి వాసన. మెట్లెక్కి తిన్నగా అటకగదికి వెళ్ళి, కిటికీ పక్క గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. అక్కడే మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను.

కొనడం అయిపోయింది కాబట్టి ఇక అద్దె వస్తుందనుకున్నాం. విద్యార్థుల ఊరి అసలు లెక్క అప్పుడు తెలిసింది. అక్కడ పిల్లలు వచ్చే సెప్టెంబరుకి ఇల్లు ముందు ఏడాది నవంబరు నుంచే చూసుకుంటారు. జనవరి, ఫిబ్రవరికల్లా మంచి ఇళ్ళన్నీ అయిపోతాయి. ఏప్రిల్ మొదటి వారంలో ప్రకటన ఇస్తే నెలంతటికీ ఒక్క ఫోన్ వచ్చింది. సిటీలో కొత్తగా లేచిన స్టూడెంట్ బ్లాకుల్లో ఇంకా గదులున్నాయి, తగ్గింపులు ఇస్తున్నారు. మామూలు ఊళ్ళో ఏప్రిల్‌లో కొన్న ఇల్లు మే నెలలో అద్దెకు పోవచ్చు. ఇక్కడ పోదు.

ఆ అయిదు నెలల్లో వడ్డీ 4,050. విద్యార్థులు ఉంటే కౌన్సిల్ టాక్స్ లేదన్నాను కదా, ఖాళీగా ఉంటే మనమే కట్టాలి. అది ఏడు వందల పైన. కరెంటు, గ్యాసు, ఇన్సూరెన్స్ కలిపి అంతా 5,400 దాకా చేతి నుంచి పోయింది. ప్రతి నెలా ఒకటో తారీకున బ్యాంకు డబ్బు లాగినప్పుడల్లా మనసు మనసులో ఉండేది కాదు.

ఖాళీ నెలలు పనులకైతే కలిసొచ్చాయి. వంటింటికీ గదులకూ అరగంట మంటను ఆపే ఫైర్ డోర్లు, ఒకటి మోగితే అన్నీ మోగే పొగ అలారాలు, వంటింట్లో వేడి అలారం, లోపలి నుంచి తాళంచెవి లేకుండా తిప్పి తీసే తాళాలు, కొత్త ఫ్యూజ్ బాక్సు. గ్యాస్ సేఫ్టీ సర్టిఫికెట్ ఏటా కావాలి, కరెంటుది అయిదేళ్ళకోసారి. మంచాలు, బల్లలు, లైసెన్సు ఫీజుతో సహా మొత్తం 11,400 అయింది. మేం అనుకున్నది 7,000.

అటకగది కొలత దగ్గర మాత్రం గుండె ఆగినంత పనైంది. నేల మీద టేపు పెట్టి కొలిస్తే 9.3 చదరపు మీటర్లు. కానీ పైకప్పు 1.5 మీటర్ల కంటే కిందికి వాలిన చోటు లెక్కలోకి రాదు. అది తీసేస్తే 7.4 మిగిలింది. పెద్దవాళ్ళు ఒకరు పడుకునే గదికి చట్టం చెప్పే కనీస కొలత 6.51. కౌన్సిళ్ళు తమ ప్రమాణాల్లో ఇంతకంటే ఎక్కువ అడగొచ్చు, అందరూ కూర్చునే హాలు ఉందా లేదా అన్నదీ చూస్తాయి. ఈ సమయంలోనే ఒక ఏజెంటు వచ్చి హాలును అయిదో గది చేసేయమన్నాడు, ఏడాదికి ఇంకో 6,000 వస్తుందన్నాడు. హాలు లేని ఇంట్లో నేనున్నాను. నలుగురం నాలుగు గదుల్లో తలుపులేసుకుని ఉండేవాళ్ళం, ఏడాదంతా ఒకరి మొహం ఒకరం సరిగ్గా చూసుకోలేదు. వద్దన్నాను. మా ఆయన రెండు రోజులు లెక్కలు వేసి, చివరికి నా మాటే సరేనన్నారు.

లైసెన్సు విషయం. అయిదుగురో అంతకంటే ఎక్కువో ఉంటే దేశమంతటా లైసెన్సు తప్పనిసరి. మాకు నలుగురే కదా, అక్కర్లేదనుకున్నాం. నాటింగ్‌హామ్‌లో అంతకంటే చిన్న హెచ్‌ఎంఓలకు కూడా లైసెన్సు పథకం 2024 జనవరి 1 నుంచి నడుస్తోంది. మే 2న దరఖాస్తు పెట్టాం, సెప్టెంబరు 19న వచ్చింది. ఫీజు రెండు ముక్కలుగా కట్టాలి. దరఖాస్తు సక్రమంగా చేరి పరిశీలనలో ఉన్నంతకాలం ఇల్లు అద్దెకివ్వడం నేరం కాదని సొలిసిటర్ చెబితే ఊపిరి పీల్చుకున్నాం. ఆ దరఖాస్తు అందినట్టు వచ్చిన మెయిల్ మాత్రం జాగ్రత్తగా దాచుకోవాలి.

జూన్ 24న ఫోన్ మోగింది. నలుగురు అమ్మాయిలు. వాళ్ళు ముందే మాట్లాడుకున్న ఇల్లు చివరి నిమిషంలో చేజారిపోయింది. వేసవిలో వెతికేవాళ్ళంటే అందరికీ అనుమానం, కానీ చాలామంది ఇలా ఎవరి వల్లో ఇబ్బంది పడ్డవాళ్ళే. మేం వారానికి మనిషికి 125 అడిగాం, 120 దగ్గర తెగింది. 50 వారాలకు 24,000. నలుగురికీ కలిపి ఒకే ఒప్పందం, జూలై 3న సంతకాలు.

ముగ్గురికి తల్లిదండ్రులు హామీ ఇచ్చారు, ఎవరి పిల్ల వాటాకి వాళ్ళే. నాలుగో అమ్మాయిది నైజీరియా. ఈ దేశంలో హామీ ఇచ్చేవాళ్ళు లేరు. అలాంటప్పుడు ఆరు నెలల అద్దె ముందే కట్టించుకోవడం అప్పట్లో మామూలు, ఏజెంటు కూడా అదే చెప్పాడు. 2011లో నా దగ్గరా అలాగే కట్టించుకున్నారు. ఆ డబ్బు కోసం మా నాన్న ఎవరెవరిని అడిగారో నాకు తెలుసు. నెలనెలా 500 చొప్పున కట్టమన్నాను. 6,000 పౌండ్లకు హామీ లేకుండా ఇవ్వడం మా ఆయనకు అస్సలు ఇష్టం లేదు. సెప్టెంబరు 1న వచ్చిన మొదటి అద్దె ఆ అమ్మాయిదే. ఇంతవరకూ ఒక్క నెలా ఆలస్యం కాలేదు. అందరూ ఇలాగే చేయాలని నేననను, 6,000 పోయినా తట్టుకోగలమని చూసుకునే చేశాం.

మిగతా ముగ్గురిదీ ఇంకో లెక్క. వాళ్ళకు స్టూడెంట్ లోన్ టర్ము మొదలయ్యాక పడుతుంది. ఏడాదిలో మూడు దఫాలు. అద్దె కూడా అలా మూడు దఫాలుగా కడతామన్నారు. ఒప్పుకున్నాం. కాబట్టి సెప్టెంబరు వడ్డీలో 310 మళ్ళీ మా జేబులోంచే పోయింది. అక్టోబరు 6కి గానీ వాళ్ళ డబ్బు రాలేదు. బ్యాంకు నెలనెలా లాగుతుంది, అద్దె టర్ముల వారీగా వస్తుంది. ఆ తేడాకి మూడు నెలల వడ్డీ అయినా పక్కన ఉంచుకోండి.

డిపాజిట్ అయిదు వారాల అద్దె దాటకూడదు, మనిషికి 600. తీసుకున్న ముప్పై రోజుల్లో రక్షణ పథకంలో వేసి, ఆ వివరాల కాగితం వాళ్ళకివ్వాలి. మరిస్తే డిపాజిట్‌కి మూడింతల దాకా జరిమానా. నలుగురికీ ఇక్కడ అద్దెకుండే హక్కు ఉందో లేదో చూడాలి. వీసా ఉన్న అమ్మాయికి ఆన్‌లైన్ షేర్ కోడ్‌తో అయిదు నిమిషాల పని. తాళాలిచ్చే ముందు ఇంటిని 214 ఫోటోలు తీశాను, బీరువాల లోపల కూడా. వాళ్ళు వారంలోపు తమకు కనిపించిన లోపాలు రాసి పంపేలా చెప్పాను. పదకొండు పంపారు. వాటిలో మూడు నా కంట పడనే లేదు.

అక్టోబరు 18 రాత్రి పదకొండుకి ఫోన్. వేడినీళ్ళు రావట్లేదు, ఇల్లంతా చల్లగా ఉంది. మా ఆయన పాప దగ్గర ఉన్నారు, నేను కారు తీసి వెళ్ళాను. బాయిలర్ ప్రెషర్ పడిపోయింది, కింద చిన్న కుళాయి తిప్పితే సరిపోయింది. ఆ రాత్రే వాళ్ళ ముందు రెండు నిమిషాల వీడియో తీసి పంపాను. తర్వాత రెండుసార్లు వాళ్ళే చేసుకున్నారు. మొదటిసారి సొంతంగా ఉంటున్న పిల్లలు, ఎవరూ చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?

నవంబరులో అటకగది కిటికీ చట్రం మీద నల్ల చుక్కలు కనిపించాయని ఫోటో పంపారు. ఆ ఫోటో చూడగానే నా కడుపులో దేవినట్టయింది. మర్నాడే వెళ్ళాను. బయట ఆరవు కాబట్టి నలుగురి బట్టలూ ఆ గదిలోనే ఆరేస్తున్నారు. గాలిలోని చెమ్మ లాగే మెషీన్ ఒకటి 160 పౌండ్లకు కొని హాల్లో పెట్టాను, బట్టలు అక్కడే ఆరేసుకోమన్నాను. బాత్రూమ్ ఫ్యాను మార్పించాను. జనవరిలో చూస్తే చట్రం శుభ్రంగా ఉంది. హాలును గది చేసి ఉంటే ఆ బట్టలు ఎక్కడ ఆరేసేవాళ్ళో!

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న, ఎంత మిగులుతుంది? పూర్తి ఏడాదికి చెబుతాను. అద్దె 24,000. ఇన్సూరెన్స్, సర్టిఫికెట్లు, మరమ్మతులు, ప్రకటనలు కలిపి 3,900. వడ్డీ 9,720. చేతిలో 10,380. కానీ పన్ను దీని మీద కాదు. మన పేరు మీద కొన్న ఇంటికి వడ్డీని ఖర్చుగా తీసేయనివ్వరు, 20.1 వేల మీద లెక్క కట్టి, వడ్డీలో 20 శాతం మాత్రం పన్నులోంచి తగ్గిస్తారు. ఇద్దరికీ సగం సగం. నాది 20 శాతం పన్ను, నా వాటా 1,038. మా ఆయనది 40 శాతం, ఆయన వాటా 3,048. మిగిలింది 6,294.

ఇంకోటి ఎవరూ చెప్పలేదు. వడ్డీ తీయకుండా చూపించే ఆ ఆదాయం వల్ల మా ఆయన లెక్క 60,000 దాటింది. దాంతో పాపకు ప్రభుత్వం నుంచి వచ్చే చైల్డ్ బెనిఫిట్ డబ్బులో 400 పౌండ్ల పైచిలుకు వెనక్కి కట్టాలి. అంతా పోగా 5,900కి కాస్త తక్కువ. ఖాళీ నెలలతో కలిపి మేం పెట్టింది 95,400. వందకు ఆరు పౌండ్ల చొప్పున. ఇందులో మా శనివారాలకు, రాత్రి ప్రయాణాలకు విలువ కట్టలేదు. కంపెనీ పేరు మీద కొంటే పన్ను లెక్క వేరుగా ఉంటుంది. కొన్న తర్వాత మార్చాలంటే మళ్ళీ స్టాంప్ డ్యూటీ. అకౌంటెంటు దగ్గరకు మేం కొన్నాక వెళ్ళాం. కొనకముందే వెళ్ళాల్సింది.

ఈ లెక్క కుదురుకునేలోపే చట్టం మారింది. 2025 అక్టోబరు 27న రెంటర్స్ రైట్స్ చట్టానికి ఆమోదం పడింది, 2026 మే 1 నుంచి అమలు. అప్పటి నుంచి ఏడాది ఒప్పందాలు ఉండవు, అద్దెకున్నవాళ్ళు రెండు నెలల నోటీసుతో ఎప్పుడైనా వెళ్ళొచ్చు, ఒక నెలకు మించి అద్దె ముందుగా అడగకూడదు. ఆ ఆఖరి మాట చదివి నాకు నాన్న గుర్తొచ్చారు. విద్యార్థుల హెచ్‌ఎంఓలకు ఒక వెసులుబాటు ఉంది: కొత్త బ్యాచ్ కోసం జూన్ 1కీ సెప్టెంబరు 30కీ మధ్య ఖాళీ చేయమని, నాలుగు నెలల ముందు నోటీసిచ్చి అడగొచ్చు. కానీ పిల్లలు దిగడానికి ఆరు నెలల కంటే ముందే ఒప్పందం రాసుకుంటే ఆ వెసులుబాటు పోతుంది. నవంబరులోనే వచ్చే ఏడాదికి సంతకాలు పెట్టించే అలవాటుకు అది పెద్ద దెబ్బ.

మొదటి ఏడాది ఆలస్యమై నష్టపోయిన మాకు, ఈసారి నవంబరులో నాలుగు గ్రూపులు ఫోన్ చేశాయి. సొలిసిటర్‌ని అడిగి, సెప్టెంబరు 1న దిగేవాళ్ళతో మార్చి 1 తర్వాతే సంతకం అని అందరికీ చెప్పాం. రెండు గ్రూపులు వేరేచోట చూసుకున్నాయి. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి గుబులుగానే గడిచాయి.

మొన్న మార్చి 7, శనివారం, ఆగిన రెండు గ్రూపుల్లో ఒకటి వచ్చింది. ముగ్గురు అబ్బాయిలు, ఒకమ్మాయి. ఇల్లు చూపించడానికి నేను వెళ్ళాను కానీ మాట్లాడిందంతా మా నైజీరియా అమ్మాయే. అటకగది కిటికీ ఎలా తెరవాలో, బాయిలర్ కింద ఏ కుళాయి తిప్పాలో చూపించింది. బట్టలు మాత్రం పైన ఆరేయొద్దు, హాల్లోనే అని గట్టిగా చెప్పింది. 13న సంతకాలు పెట్టారు, వారానికి 123. మా పాత నలుగురూ ఆగస్టు 16న వెళ్ళిపోతారు. కొత్తవాళ్ళు దిగే దాకా మధ్యలో పదిహేను రోజులుంది, ఆ లోపు వంటింటికి రంగు వేయించాలి. పెయింటర్‌ని ఇప్పుడే మాట్లాడి పెట్టాను, ఆగస్టులో ఆ ఊళ్ళో ఒక్కరూ దొరకరు.